నూట పద్దెనిమిది

ఎర్రగా కాలిన ఇనుమును సాగగొట్టే పెద్ద యంత్రపు సుత్తి దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాను. రెండు చెవులూ దానికే ఇచ్చేశాను. ముసలితనంలో రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. నమ్మకపోతే మానండి.

ఆ శనివారం, కార్ఖానాలో చప్పుడు కొలవడానికి వచ్చిన అమ్మాయి నా భుజానికి అగ్గిపెట్టెంత పెట్టె తగిలించింది. చిన్న బ్యాటరీతో వారం నడుస్తుందట. చప్పుడు ఎనభై అయిదు డెసిబెళ్ల లోపయితే పచ్చదీపం, దాటితే ఎర్రది; పక్కనే అంకె. సుత్తి పడ్డప్పుడల్లా నూట పద్దెనిమిది.

"ఇంటికెళ్లేటప్పుడు తీసేయండి తాతగారూ" అని కాగితం మీద రాసింది.

"తగిలించింది నువ్వు, తీసేదీ నువ్వే" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం. కార్ఖానాకు సెలవు. ఇల్లంతా ఉతికిన గుడ్డల వాసన. ఉయ్యాల్లో మూడు నెలల మనవరాలు. దాన్ని ఒక్కసారి కూడా నా చేతికివ్వలేదు మా ఆవిడ. ఆవిడ పెరట్లో ఉంది కదా అని మెల్లగా ఎత్తుకున్నాను.

ఎర్రదీపం వెలిగింది. నూట పద్దెనిమిది.

ఆరింది... మళ్లీ వెలిగింది. సరిగ్గా సుత్తి పడే తీరున.

కిటికీలోంచి చూశాను. వీధి ఖాళీ. గోడకు చెయ్యి ఆనించాను. వణుకు లేదు. దీపం వెలిగినప్పుడల్లా... పాప ఉలికిపడుతోంది.

మా ఆవిడ పరుగున వచ్చి పాపను లాక్కుంది. ఆవిడ పెదవులు చదవడం నాకు అక్షరాలకన్నా ముందే వచ్చు.

"ఎన్నిసార్లు చెప్పాలి, మొండి మనిషీ!"

"ఏం మోగుతోందే?"

చెవిలోంచి దూది తీసింది. చెవిపోటుకని ఇన్నేళ్లూ నేననుకున్న దూది.

"మీరే. పనిలో చేరిన ఏడాది నుంచీ. నిద్రలో కూడా."

ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాను. అరచేతి కింద... దడ్. ఆగి... దడ్.

"చెప్పలేదేం?"

"చెబితే పని మానేవారా?"

మాననని ఇద్దరికీ తెలుసు.

ఆ పూటే నా పడక కార్ఖానా కాపలా గదికి మార్చేసుకున్నాను. పెట్టెను ఉయ్యాలకు కట్టి వెళ్లాను. అక్కడ పచ్చగా వెలిగితే నాకదే చాలు.

మూడో రోజు పొద్దున్నే వచ్చి వీధికి అవతల పక్క నిలబడ్డాను. మా కిటికీలోంచి ఉయ్యాల, దానికి కట్టిన దీపం కనిపిస్తున్నాయి. ఎర్రగా... ఆరి... ఎర్రగా. ఉయ్యాల పక్కన మా ఆవిడ పాప ఛాతీ మీద చెయ్యి వేసి చూసి, చెవుల్లో దూది కుక్కుకుంటోంది.

ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాను.

లోపల ఏదీ కొట్టుకోవడం లేదు.