పురుగులింట్లో కంప్యూటర్

నాగేశ్ కంప్యూటర్ తల్లి ముందు వెలుగుతుందనీ, పెళ్ళాం ముందు ఆరిపోతుందనీ ఆ వేసవిలో మిట్టేమరి ఊరంతా నమ్మింది. పాలకేంద్రం దగ్గర వరుసలో నిలబడ్డవాళ్ళూ, బాగేపల్లి బస్సుకు కాచుకున్నవాళ్ళూ ఒకటే మాట చెప్పుకున్నారు. పోయి ఏడాదిన్నర అయినా అతని కోపం చల్లారలేదట. తల్లి వస్తే కూర్చుంటాడట, భార్య వస్తే లేచిపోతాడట. పుకార్లకు సాధారణంగా ఉండే లోపం ఈ పుకారుకు లేదు. ఎవరైనా వచ్చి కళ్ళారా చూసిపోవచ్చు. దాన్ని కాదనడం అందుకే కష్టమైంది.

ఆ రోజు పొద్దున కూడా నాగేశ్ తల్లి మునిలక్ష్మమ్మ కేంద్రంలో పాలు పోసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పురుగులింటి తలుపు తీసింది. ఇంటికి ఆనుకుని ఉన్న ఆ పొడుగాటి గదిలో పట్టుపురుగులు మేపి ఏడాదిన్నర అయింది. అరలన్నీ ఖాళీగా ఉన్నాయి. మూలనున్న బల్ల మీద మాత్రం కొడుకు కంప్యూటర్ ఉంది. బటన్ ఒత్తితే కాసేపటికి తెర మీద నాగేశ్ కనిపిస్తాడు, భుజాన మల్బరీ ఆకుల మోపుతో, ఎండకు కళ్ళు చికిలించి నవ్వుతూ.

"లేచినావా నాయనా?" అంది ఆమె కుర్చీలో కూర్చుంటూ. "ఎర్రావు ఈ పొద్దు గూడా చెంబు తన్నేసిందప్పా. బోరులో నీళ్ళు తగ్గిపోతాండాయి. యాడ చూసినా అంతేనంట."

వంటింట్లో రాగిపిండి కలుపుతున్న కోడలు భానుకు ప్రతి మాటా వినిపించింది. అత్త ఆ అరగంటలో ఫొటోతో మాట్లాడినన్ని మాటలు తనతో నెలకు కూడా మాట్లాడదు. తన వంతుకు వచ్చేవి మూడో నాలుగో: "ఉప్పు యాడ పెట్టినావ్?", "పాలు కాగినాయా?", "తలుపెయ్యి." భానుకు ముప్పై మూడేళ్ళు. పిల్లలు లేరు. ఒక్కొక్క రోజు సాయంత్రం ఏదో అడగబోయి నోరు తెరిస్తే తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

నాగేశ్ ఉన్నప్పుడు పురుగులు మేపుతూనే, ముహూర్తాల కాలంలో భార్యాభర్తలిద్దరూ పెళ్ళి వీడియోలు కూర్చేవారు. బాగేపల్లి స్టూడియోవాళ్ళు ముక్కలుగా ఇచ్చిన దృశ్యాలను వరసలో పెట్టి, పాటలు చేర్చి, ఒకే వీడియోగా తయారు చెయ్యడం ఆ పని. ఇప్పుడు భాను ఒక్కతే చేస్తోంది. మొగుడు పోయిన ఆడది పెళ్ళి వీడియోలు ముట్టడమేమిటని మొదట్లో కొందరు గొణిగారు. కంప్యూటర్ ఆరిపోవడం మొదలయ్యాక వాళ్ళకు సాక్ష్యం దొరికినట్టయింది.

అత్త లేచి ఆవు దగ్గరికి వెళ్ళాక భాను కుర్చీలో కూర్చుంది. గుడిబండె పెళ్ళి ఒకటి పూర్తి కావలసి ఉంది. దృశ్యాలన్నీ సర్దేసింది, ఇక వాటిని అతికించి ఒకటి చెయ్యమని కంప్యూటర్‌కు చెప్పి వదిలెయ్యడమే. దానికి రెండు గంటలు పడుతుంది. చెప్పింది. పెట్టెలోని ఫ్యాను మెల్లగా మొదలై, హోరెత్తి, చివరికి చెరుకు మిషను మాదిరి అరిచింది. పదకొండో నిమిషంలో తెర నల్లబడింది.

భాను ఒక పాత పెళ్ళిపత్రిక వెనక తేదీ, గంట, "11" అని రాసుకుంది. అది పంతొమ్మిదోసారి.

"ఏం భానూ, ఈ పొద్దు ఎంతసేపుండె మీ ఆయన?" పక్కింటి సుజాతమ్మ గోడ మీదుగా తొంగిచూసింది.

"పదకొండు నిమిషాలక్కా."

"నిన్నటికన్నా ఒకటి తక్కువేనే! నీ మింద కోపం జాస్తి అవుతాండాది చూడు."

తన హాస్యానికి సుజాతమ్మ తానే నవ్వింది. భాను కూడా నవ్వింది. ఆ మాటలో నవ్వవలసింది ఏమీ లేదు. కానీ ఆ రోజు ఆమెతో మొదట మాట్లాడిన మనిషి సుజాతమ్మే.

నాగేశ్ స్నేహితుడు గిరీశ్‌కు బాగేపల్లిలో కంప్యూటర్ అంగడి ఉంది. నెల కిందట అతను దీన్ని తీసుకుపోయి, ఒక రోజంతా ఆన్‌లోనే పెట్టి చూశాడు. ఒక్కసారి కూడా ఆరలేదు. "దీనికి ఏ రోగమూ లేదక్కా. మీ ఇంట్లోనే ఏమో ఉండాది," అని తిరిగి ఇచ్చాడు. ఆ మాట అతనికన్నా ముందే ఊరు చేరింది.

భాను ఊరి మాట నమ్మలేదు. కానీ నమ్మకపోవడం వేరు, భయం లేకపోవడం వేరు. నాగేశ్ చివరిసారి పట్టుగూళ్ళ మూటలతో శిడ్లఘట్ట మార్కెట్టుకు బయలుదేరిన పొద్దున ఆమె అతనితో మాట్లాడలేదు. చింతామణిలో అన్న కూతురి ఓణీల ఫంక్షన్‌కు తీసుకుపోలేదని అలక. కాఫీ చేతికివ్వకుండా గట్టు మీద పెట్టింది. "వస్తాను భానూ," అని అతను రెండుసార్లు అన్నాడు. మార్కెట్టులో గుండె ఆగిందని మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఈ సంగతి ఆమె ఎవరితోనూ చెప్పలేదు. చెప్పుకునే మనిషి ఒక్కడే, అతను లేడు.

పది గంటలకు వాకిట్లో మోటారుసైకిల్ ఆగింది. చింతామణి నుంచి అన్న మోహన్‌కుమార్ వచ్చాడు.

"బట్టలు సర్దుకో భానూ," అన్నాడు చెంబు నీళ్ళు తాగి. "మీ అత్తమ్మ ఫోన్ చేసింది."

భాను అత్త వైపు తిరిగింది. మునిలక్ష్మమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది.

"నన్ను పొమ్మని నాకే చెప్పొచ్చు కదత్తా? పదడుగుల దూరంలో ఉండాను. చింతామణికి ఫోన్ చేస్తివా?"

"నేను పొమ్మనేదేమిటికమ్మా? వాడే అంటాండాడు."

"ఎవరు? ఆ పెట్టెనా?"

"పెట్టె అనొద్దు!" చిక్కుడుకాయల చేట పక్కకు జరిగింది. "నువ్వు ముట్టినప్పుడంతా వాడు పోతాండాడు. ఆ అరుపు అరిచి, టక్కుమని పోతాండాడు. ఇంటి వెనక ఉన్నా నాకు వినబడతాది. ఒకసారి పోయినోణ్ణి పొద్దుపొద్దూ పోగొట్టుకోలేనమ్మా నేను. ఏదో ఒక పొద్దు మళ్ళీ వెలగకుండా పోతే నేనెవరితో మాట్లాడాల?"

"నాతో," అంది భాను. అనుకోకుండా వచ్చేసింది.

మోహన్‌కుమార్ ఇబ్బందిగా హెల్మెట్ పట్టీ సరిచేసుకున్నాడు. "పద భానూ. కొన్నాళ్ళుండి వద్దువు."

కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ముగ్గురికీ తెలుసు. నాగేశ్ కోపమే తనను వెళ్ళగొట్టిందన్న మాట తన వెనకే ఇంట్లో ఉండిపోతుందని భానుకు ఇంకా బాగా తెలుసు. పెళ్ళిపత్రిక వెనక రాసుకున్న అంకెల నుంచి ఆమెకు కొన్నాళ్ళుగా ఒక అనుమానం ఉంది.

"పోతానత్తా. అయితే ఒక్క పని చెయ్యి. నేను ముట్టను. నువ్వే కూర్చో, నీ కుర్చీలోనే. నేను రోజూ చెప్పే పని దానికి నువ్వు చెప్పు."

మునిలక్ష్మమ్మకు కొడుకు మీద నమ్మకం ఉంది. కూర్చుంది. తెర మీద ఫొటో ఒక పక్కన కనిపించేటట్టు మోహన్‌కుమార్ చేత పెట్టించుకుంది. గడప బయటి నుంచి భాను చూపించిన బటన్‌ను ఆమె చూపుడువేలు ఒత్తింది. ఫ్యాను గొంతు పెరిగింది.

"ఏమప్పా, ఎందుకట్ల ఎగపోస్తాండావ్?" అందామె ఫొటోతో. "నేనురా. అమ్మను."

తొమ్మిదో నిమిషంలో తెర నల్లబడింది.

నల్లటి అద్దంలో మునిలక్ష్మమ్మకు తన ముఖమే కనిపించింది. "నా మింద గూడానా నాయనా?" అంది, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

అనుకున్నదే జరిగినా భానుకు సంతోషం కలగలేదు. తన మీది నింద పోయింది. అది పోయి ఎక్కడ పడిందో ఎదురుగా కనిపిస్తోంది. ఆమె గడప దాటి వచ్చి అత్త పక్కన నేల మీద కూర్చుంది.

"నీ మిందా కాదు, నా మిందా కాదత్తా. ఈడ చెయ్యి పెట్టి చూడు."

పెట్టె వెనక చెయ్యి పెట్టిన ముసలామె చటుక్కున తీసుకుంది. "జ్వరం మాదిరి కాలిపోతాండాదే!"

"పురుగులకు వేడి తగిలితే ఏం చేస్తాయి?"

"ఆకు ముట్టవు. తల వాల్చేస్తాయి."

"ఇదీ అంతే. మెదడు లాంటిది లోపల ఒకటి ఉండాది, ప్రాసెసర్ అంటారు. పని చెప్తే వేడెక్కుతాది. అది కాలిపోకముందే తనంతట తానే ఆరిపోయేటట్టు చేసినారు. ఆ వేడి ఎందుకు బయటికి పోలేదో చూస్తాం ఉండు."

తీగలన్నీ పీకి, చల్లారనిచ్చి, భాను పక్క రేకు మరలు తీసింది. ప్రాసెసర్ మీద సన్నని అల్యూమినియం రేకుల దిమ్మె, దాని మీద చిన్న ఫ్యాను ఉంటాయి. రేకుల సందుల్లోంచి గాలి పోతేనే వేడి పోతుంది. ఫ్యాను ఊడదీస్తే సందులు కనిపించలేదు. కంబళి ముక్క కప్పినట్టు ఏదో మందంగా పేరుకుపోయి ఉంది.

మునిలక్ష్మమ్మ వంగి, దాన్ని గోటితో కొంచెం లేపి, రెండు వేళ్ళ మధ్య నలిపింది. చూపుకన్నా ముందు ఆ వేళ్ళకే తెలిసింది.

"ఇది గూటి నూగు!"

పట్టుగూళ్ళు ఏరేటప్పుడు వాటి మీంచి లేచే మెత్తటి నూగు అది. పురుగుల మీద చల్లే సున్నప్పొడి కూడా దానిలో కలిసి గట్టిపడింది. నాగేశ్ ఆలోచించే ఆ గదిలో కంప్యూటర్ పెట్టాడు. పురుగుల కోసం కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి చల్లగా ఉంచే గది; ఇంట్లో అంతకన్నా చల్లని చోటు లేదు. కంప్యూటర్‌కు చల్లదనం మంచిదన్న లెక్క సరైనదే. ఆ చల్లగాలిలో ఇంకేమేమి ఎగురుతుందో అతను చూసుకోలేదు. ఇప్పుడు ఆ తడి పట్టాలూ లేవు, ఎండలూ ముదిరాయి.

"కింద పచ్చగా ఉండాది. పైన తెల్లగా," అంది ముసలామె పొరలు విడదీస్తూ. "పచ్చది మన పాత రకం. తెల్లది వాడు కడాసారి పెట్టిన పంట. తెల్ల గూడు వద్దురా, మన ఎండకు ఆగదు అంటే వినల్యా. ఆ పొద్దు నుంచి నాతో మాటల్యా. శిడ్లఘట్టకు పోయేటప్పుడు గూడా పలకరించల్యా." తెల్ల పొరను వేలితో నిమిరింది. "అందుకే కదమ్మా పొద్దున లేస్తూనే వచ్చి కూర్చునేది. ఈడన్నా నాతో ఉండాడని."

భాను స్క్రూడ్రైవర్ కింద పెట్టింది.

"నాతో మాట్లాడినాడత్తా. వస్తానని రెండుసార్లు చెప్పినాడు. నేనే పలకల్యా."

ఏడాదిన్నరగా ఒకే ఇంట్లో, ఒకే పొద్దు గురించి, గోడకు ఈవల ఒకరూ ఆవల ఒకరూ ఏడ్చారు. ఇప్పుడు మధ్యలో గోడ లేదు. మునిలక్ష్మమ్మ కోడలి తల తన మోకాలి మీదికి లాక్కుంది. "ఇన్నాళ్ళు చెప్పల్యా ఏమే పిచ్చిదానా?" అంది. "నువ్వడగల్యా కదత్తా," అంది భాను.

వాకిట్లో మోహన్‌కుమార్ గట్టిగా దగ్గాడు.

"అన్నా, బాగేపల్లికి పోయి గిరీశ్ అంగడిలో థర్మల్ పేస్ట్ తీసుకురా. ప్రాసెసర్‌కూ ఈ దిమ్మెకూ మధ్య పూసేది. పాతది ఎండిపోయి పెచ్చులైపోయింది."

"పేస్టా? తోముకునేదానికి మెదడుకు పండ్లు గూడా ఉండాయా?"

"నీకు లేని మెదడు దానికుండాది, పో అన్నా."

అతను వచ్చేలోగా భాను రేకులు శుభ్రం చెయ్యబోయింది. పాత బ్రష్షు తగిలి ఒక రేకు వంగింది. "నీ చెయ్యి మోటు, ఇటియ్యి," అని మునిలక్ష్మమ్మ గోడ గూట్లోంచి ఒక కోడి ఈక తెచ్చింది. అప్పుడే పుట్టిన పురుగులను నలగకుండా ఆకు మీదికి దులిపే ఈక అది. ఒక్కొక్క సందులోనూ దాన్ని ఆడిస్తూ, ఊడివచ్చిన నూగునంతా కింద పడనియ్యకుండా అరచేతిలోకి తీసుకుంది. చివరికి దాన్ని ఉండ చేసి కొంగున ముడివేసుకుంది. ఎందుకని భాను అడగలేదు.

పేస్టు పూసి, మరలు బిగించి, తీగలు తగిలించేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మోహన్‌కుమార్ గడియారం చూసుకున్నాడు.

"ముద్ద తిని పో అప్పా," అంది మునిలక్ష్మమ్మ. "నీ చెల్లెలికి ఈడ పనుండాది."

అతను చెల్లెలి ముఖం చూశాడు. మళ్ళీ బట్టల మాట ఎత్తలేదు. తిని, ఒంటరిగా చింతామణికి బయలుదేరాడు.

మూడు గంటలకు భాను కుర్చీలో కూర్చుని గుడిబండె పెళ్ళి మొదలుపెట్టింది. అత్త స్టూలు జరుపుకుని పక్కన కూర్చుంది. తెర మూల ప్రాసెసర్ వేడి చూపే అంకె కనిపిస్తోంది. తొమ్మిదో నిమిషం గడిచింది. పదకొండోది గడిచింది. ముసలామె ఊపిరి బిగబట్టి ఉందని భాను గమనించింది.

"సద్దే లేదే," అంది మునిలక్ష్మమ్మ కాసేపటికి. ఆ మాటలో కొంచెం దిగులు ఉంది. అరుపైనా అది ఇన్నాళ్ళూ ఇంట్లో ఒక తోడు. తర్వాత ఆమె కోడలి వైపు తిరిగి, "ఆ పొద్దు వాడు ఏం చొక్కా తొడుక్కున్యాడు? నేను చూడనే లేదు," అంది. భాను చెప్పడం మొదలుపెట్టింది.

తల్లి కూర్చున్నప్పుడు కంప్యూటర్‌కు ఒక ఫొటో చూపించడం తప్ప వేరే పని ఉండేది కాదు. గిరీశ్ అంగడిలో అదీ లేదు. పని లేని ప్రాసెసర్ వేడెక్కదు. ఆ మధ్యాహ్నం రెండు గంటల ఆరు నిమిషాల పాటు అది ఆగకుండా పని చేసింది. వేడి అరవై మూడు డిగ్రీలు దాటలేదు, తెర ఒక్కసారీ ఆరలేదు. అంతసేపూ ఆ కుర్చీలో కూర్చున్నది నాగేశ్ భార్యే.