మగ్గం గుంతలో పెట్టిన కంప్యూటర్

హిందూపురం బస్టాండు వెనకవీధిలో సురేంద్రకు ఒక కంప్యూటర్ల అంగడి ఉండేది. రెండువేల ఆరు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ అంగడికి వచ్చిన మహేష్, ధర గురించి అడగలేదు, వేగం గురించీ అడగలేదు. అల్మారాలో వరసగా ఉన్న, కంప్యూటర్ లోపల బిగించే ఫ్యాన్లను చూపించి, వీటిల్లో ఏది తక్కువ అరుస్తుందని అడిగాడు.

సురేంద్ర నవ్వాడు. ఇద్దరూ పెనుకొండలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు కాబట్టి నవ్వే చనువుంది. మహేష్ మాత్రం నవ్వలేదు. ఒక్కో ఫ్యానునూ కరెంటుకు తగిలించమని, చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని వినడం మొదలుపెట్టాడు. అంగట్లో ఉన్న మిగతావాళ్లు ఇదెక్కడి చాదస్తం అన్నట్టు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

చాదస్తం కాదు పాపం. మహేష్ ధర్మవరంలో రైల్వే గుమాస్తా. భార్య పద్మావతికి అంతకు రెండేళ్ల ముందు మెదడు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ ఆ జ్వరం చెవులు పాడు చేసి పోయింది. పాడంటే వినపడకపోవడం కాదు, మరీ ఎక్కువగా వినపడటం. సన్నగా, ఆగకుండా గీపెట్టే చప్పుడు ఏదైనా సరే ఆమెకు సూదిలా దిగేది. మిక్సీ, సీలింగ్ ఫ్యాను, ట్యూబులైటు... తల పట్టుకుని వాంతి చేసుకునేది. పాత టీవీ పెట్టెలోంచి మనకు వినపడని సన్నటి కూత ఒకటి వస్తుందట, అది కూడా ఆమెకు వినపడేది. వాళ్లు అద్దెకుండేది నేతగాళ్ల వీధి. చిత్రంగా ఆ మగ్గాల చప్పుడు మాత్రం ఆమెను ఏమీ చేసేది కాదు. ఎవరో జోకొడుతున్నట్టు ఉంటుందనేది.

పెళ్లయిన కొత్తలో వచ్చిన ప్రతి సినిమా చూసిన మనిషి. ఇప్పుడు లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని, పలకరిస్తే ఊఁ అనడం కూడా మానేసింది. బతికి వచ్చిన భార్య బతికుండగానే చెయ్యి జారిపోతున్నదని మహేష్‌కు గుండెల్లో గుబులు పట్టుకుంది. పలచటి తెర ఒకటి, అసలు చప్పుడు చేయని కంప్యూటర్ ఒకటి ఉంటే, ఇంట్లోనే తక్కువ శబ్దంతో ఆమె పక్కన కూర్చుని సినిమా చూడొచ్చు. ఆమె ఒక్కసారి నవ్వితే చాలనుకున్నాడు.

సంగతి తెలిశాక సురేంద్ర కూడా నడుం బిగించాడు. తక్కువ వేడెక్కే ప్రాసెసర్ చూశాడు. ఫ్యాను లేని గ్రాఫిక్స్ కార్డు బెంగుళూరు నుంచి తెప్పించాడు. చిన్న ఫ్యాను గట్టిగా తిరిగి అరుస్తుంది, పెద్దది నిదానంగా తిరిగి అంతే గాలి ఇస్తుంది కాబట్టి జానెడు వెడల్పున్న ఫ్యాను ఒక్కటే బిగించాడు. ప్రాసెసర్ నెత్తిన, దాని వేడి లాగేసేందుకు ఇటుకంత రాగి దిమ్మె పెట్టాడు. అన్నీ కలిపి ఆన్ చేస్తే, ఫ్యాన్ల హోరు పోయింది గానీ లోపల కరెంటు అందించే పెట్టె గుర్రుమనడం వినపడింది. అది మార్చారు. ఇప్పుడు హార్డ్ డిస్కు కిచకిచమంది. దాన్ని ఎలాస్టిక్ పట్టీలతో ఉయ్యాల కట్టి వేలాడదీశారు.

"ఒక చప్పుడు తీసేస్తే దాని కింద దాగినది బయటపడతాందబ్బా," అన్నాడు సురేంద్ర చెమట తుడుచుకుంటూ. "ఇట్లే తీసుకుంటా పోతే అడుగున ఏముంటాదో నాకు తెల్దు."

అతను ఆ మాట ఆటగా అన్నాడు. మహేష్ దాన్ని పట్టించుకోకుండా కంప్యూటర్ డబ్బాను బట్టల్లో చుట్టుకుని ధర్మవరం బస్సెక్కాడు.

ఇంట్లో పెట్టి ఆన్ చేస్తే పద్మావతి లోపలి గదిలోంచే, ఇంకా ఉంది, సన్నగా ఏదో తిరుగుతోంది అంది. తలుపు వేసినా ఉందంది. మహేష్‌కు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడే అతని చూపు ముందుగదిలో నేలకున్న కడప బండ మీద పడింది.

ఆ గదిలో ఒకప్పుడు మగ్గం ఉండేది. నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే గుంతను పూడ్చకుండా, ఇంటాయన పైన బండ పరిపించి వదిలేశాడు. డబ్బాను ఆ గుంతలో దించి బండ మూసేస్తే ఇక ఏ చప్పుడూ పైకి రాదు. తీగలు మాత్రం బండ మూల కాస్త పగలగొట్టి పైకి తెచ్చుకుంటే సరి. మహేష్‌కు తన తెలివికి తనకే ముచ్చటేసింది.

గడ్డపారతో బండ లేపుతుంటే పక్కింటి సిద్ధమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ ముసలామె ఆ వీధిలోనే పుట్టి, అక్కడే నేసి, అక్కడే నడుం వంగిపోయిన మనిషి. అది తెరవద్దంది. ఎందుకని అడిగితే చెప్పింది. ఆ మగ్గం చౌడక్కది. అంచు వేరే రంగులో వచ్చే పట్టుచీర ఒక్కరు నేసేది కాదు. గుంతలో కూర్చున్న మనిషి కాళ్లు మార్చి మార్చి మగ్గం తొక్కుతుంటే, పక్కన ఇంకొకరు కూర్చుని అంచు దారం చుట్టిన చెక్క నాడెను నిలువు దారాల మధ్యకు విసిరి, తిరిగి అందుకోవాలి. చౌడక్కకు ఆ పక్క మనిషి కూతురే. ఆ పిల్ల ఒక చీర సగంలో ఉండగా జబ్బుచేసి పోయింది.

"చౌడక్క ఒక్కతే గుంతలో కూచోని పిలుస్తాండె నాయనా. దావన పొయ్యే ప్రతి ఆడమనిషినీ పిలుస్తాండె, రాండమ్మా, రవ్వంతసేపు అంచు ఏసిపోండి అని. ఎవురూ పోలే. ఎవురి మగ్గం వాళ్లకుండె. ఒకనాడు పిలుపు నిలిచిపోయింటే పోయి చూసినాము. కూచున్నది కూచున్నట్టే పానం పోయిండాది."

మహేష్‌కు జాలేసింది, కానీ పని ఆపలేదు. గుంతలోకి టార్చి వేసి చూశాడు. ఏళ్ల తరబడి మూసి ఉన్న గుంత, బూజు పట్టి ఉండాలి. అడుగు శుభ్రంగా ఉంది, ఊడ్చినట్టు. తడిసిన పట్టు వాసన గుప్పున కొట్టింది. పట్టు దారాల మధ్య పెరిగిన ఊరు కదా, ఆ వాసన అన్ని ఇళ్లలోనూ ఉంటుందిలే అనుకున్నాడు. గుంత నడుమ రెండు ఇటుకలు పెట్టి, వాటి మీద డబ్బా కూర్చోబెట్టి, బండ మూసేశాడు.

ఆ సాయంత్రం తెర మీద బొమ్మ వచ్చింది. పద్మావతి తలుపు తీసుకుని ముందుగదిలోకి వచ్చి, చెవి వంచి విన్నది. ఏమీ లేదంది. నిజంగా ఏమీ లేదా అని అతను రెండుమూడు సార్లు అడిగాడు. ఆమె అతని పక్కన చాప మీద కూర్చుని, హాస్యగాడు జారిపడే చోట చిన్నగా నవ్వింది. మహేష్ మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు. అట్లా కొన్ని సాయంత్రాలు గడిచాయి. ఇన్నాళ్ల కష్టానికి దేవుడు కూలి ఇచ్చాడనుకున్నాడు.

అమావాస్య వచ్చింది. అమావాస్య నాడు ఆ వీధిలో ఎవరూ మగ్గం ఎక్కరు. పొద్దున్నుంచీ చప్పుడు లేక వీధంతా బోసిపోయింది. దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. సినిమాలో తల్లి కొడుకు మొహం చూస్తూ మాట్లాడకుండా నిలబడే ఘట్టం. గదిలో ఉలుకూ పలుకూ లేదు.

టక్.

హార్డ్ డిస్కు పట్టీ తెగిందేమో అనుకున్నాడు మహేష్.

టక్... కాసేపు ఆగి, టక్. ఆ వెంటనే దారాలను దగ్గరకు కొట్టే మెత్తటి దెబ్బ.

సినిమా ఆపాడు. చప్పుడు ఆగలేదు. ఏ ఇంట్లోనో మగ్గం ఆడుతోందనుకుని కిటికీ తీశాడు. వీధిలో కుక్క కూడా లేదు. కంప్యూటర్ పూర్తిగా ఆపేశాడు. తెర నల్లబడింది. చప్పుడు ఇంకా స్పష్టంగా వినపడింది. అది వాళ్ల కాళ్ల కిందనుంచే వస్తోంది.

టక్... టక్...

భయపడుతుందేమోనని పద్మావతి వైపు తిరిగాడు. ఆమె భయపడటం లేదు. గుంత పక్కకు జరిగి, మోకాలు ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమె కుడిచెయ్యి గాలిలోకి ఏదో విసిరింది. ఆగింది. అరచెయ్యి తెరుచుకుని ఎదురుచూసింది. గుప్పిలి మూసుకుంది. మళ్లీ విసిరింది.

"పద్మా... ఏం చేస్తాండావు?"

"పిలుస్తాండాది కదా," అంది ఆమె గుసగుసగా. "పాపం, ఒక్కతే ఉండాది."

గడ్డపార ఎట్లా అందుకున్నాడో, బండ ఎట్లా లేపాడో మహేష్‌కే తెలియదు. చప్పుడు ఆగిపోయింది. పట్టు వాసన ముక్కులు బద్దలుకొట్టింది. టార్చి వెలుగులో డబ్బా కనిపించింది. తను పెట్టిన చోట లేదు. ఇటుకలతో సహా ఒక మూలకు జరిపి ఉంది. గుంత నడుమ ఖాళీగా ఉంది... ఒక మనిషి కూర్చుని కాళ్లు దించుకునేంత.

చెయ్యి దించి డబ్బా మూత లాగాడు. లోపల ఎర్రటి పట్టుదారం. ఫ్యాను రెక్కలు కనపడనంతగా చుట్టుకుని ఉంది. దారం పచ్చిగా, రంగు చేతికంటుతూ ఉంది. అది చుట్టుకున్నాక ఫ్యాను తిరిగే వీలే లేదు. పద్మావతికి ఏ చప్పుడూ వినపడని ఇన్ని సాయంత్రాలూ అది తిరగనేలేదన్నమాట. రాగి దిమ్మె కాలిపోయి ఉండాలి. తాకి చూశాడు. మంచులా చల్లగా ఉంది.

దారం కొస పట్టుకుని లాగాడు. కాస్త వచ్చింది.

తరవాత అవతలివైపు నుంచి ఎవరో లాగారు.

మహేష్ ఇక ఆలోచించలేదు. తీగల పనికి తెచ్చి తెర పక్కనే వదిలేసిన కత్తెర అందుకున్నాడు. "తెంపొద్దు," అంది పద్మావతి వెనకనుంచి. ఆ గొంతులో అంత ఆత్రం అతను ఏనాడూ వినలేదు. తెంపేశాడు. దారం తెగిన క్షణాన పద్మావతి చిన్నగా ఊపిరి వదిలింది, అంతే. అరవలేదు, పడిపోలేదు. గుంత అడుగున ఏదీ కదల్లేదు.

తెల్లవారి మొదటి రైలుకే ఆమెను పెనుకొండలో పుట్టింట దిగబెట్టాడు. ఆ రోజునుంచి తలనొప్పి మాయమైంది. మిక్సీ తిప్పినా, లారీ హారను కొట్టినా రెప్ప వాల్చేది కాదు. అయితే మనుషుల మాట కూడా వినపడటం మానేసింది. మహేష్ చెవి దగ్గర నోరు పెట్టి పిలిచినా తిరిగి చూసేది కాదు. కుడిచెయ్యి మాత్రం విసిరేది, ఆగేది, మూసుకునేది. నిద్రలో కూడా. తల్లి ఆ చేతిని చీరకొంగుతో మంచానికి కట్టేసి, పక్కన కూర్చుని ఏడ్చేది. సురేంద్ర చూడటానికి వచ్చి, వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ మహేష్ భుజం పట్టుకున్నాడు. ఆ డబ్బా మాట ఇద్దరూ ఎత్తలేదు. అది ఇంకా ఆ గుంతలోనే ఉంది.

చివరికి పుట్టపర్తిలో ఒక ఆస్పత్రికి తీసుకుపోయారు. పట్టపగలు, తెల్లటి గోడలు, ఫినాయిల్ వాసన. అక్కడికి వచ్చేసరికి మహేష్‌కు కాస్త ధైర్యం వచ్చింది. పద్మావతిని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ఎడమచేతికి ఒక బటను ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలని సైగలతో చెప్పారు. నొక్కితే బయట బల్ల మీద దీపం వెలుగుతుంది. బయట బల్ల దగ్గర పరీక్ష చేసే అమ్మాయి, ఆమె పక్కన కుర్చీలో మహేష్.

బల్ల మీద దీపం వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

"నేను ఇంకా ఏమీ పెట్టలేదు సార్," అంది ఆ అమ్మాయి, మిషను మీట చూసుకుంటూ.

దీపం ఒకే లయలో వెలుగుతూనే ఉంది. గదిలోకి ఎక్కడినుంచైనా చప్పుడు పోతోందేమోనని ఆ అమ్మాయి లోపలి మాట వినే హెడ్‌ఫోన్లు తీసి పెట్టుకుంది. తల అడ్డంగా ఊపి, మీరూ వినండని మహేష్‌కు ఇచ్చింది.

మహేష్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. టక్‌మనే చప్పుడు వస్తుందని ఒళ్లంతా బిగబట్టుకున్నాడు. ఏమీ రాలేదు. పద్మావతి ఊపిరి కూడా వినపడలేదు. హిందూపురం అంగట్లో అంతంతసేపు వెతికినా దొరకని నిశ్శబ్దం అది. అతనికి ఎందుకో హాయిగా అనిపించింది. ఎంతసేపు అట్లా ఉన్నాడో తెలియదు.

ఎవరో భుజం తట్టారు.

"సార్, కాళ్లు ఆడించొద్దు. బల్ల కదుల్తాంది."

మహేష్ కళ్లు తెరిచి కిందికి చూశాడు. ఎడమకాలు దిగుతోంది. కుడికాలు లేస్తోంది. రెండు చేతులతో మోకాళ్లు అదిమి పట్టుకున్నాడు. చేతులతో సహా మోకాలు దిగింది.

అద్దం అవతల పద్మావతి కుడిచెయ్యి చాచి ఎదురుచూస్తోంది. అతని కాలు దిగింది. ఆమె గుప్పిలి మూసుకుంది.

ఈసారి ఆ గుప్పిలి ఖాళీగా లేదు.