అల్లుడుగారి ఫ్రిజ్

మార్కాపురంలో వీరరాఘవయ్య ఇంట్లో పొద్దున పూట కాఫీ కంటే ముందే వెటకారం కాగేది.

"అల్లుడుగారు లేచినారా?" వసారాలో పడక్కుర్చీలో కూర్చుని ఇల్లంతా వినపడేటట్టు అడిగాడాయన. "లేస్తే చెప్పండి. ఊరికి ఊరికే మందులు పంచే మహానుభావుడు. దర్శనం చేసుకుని దుకాణానికి పోతా."

'గారు' అన్న మాటను తిట్టుగా వాడటం ఆయనకు పట్టుబడిన విద్య. ముప్పై ఏళ్లుగా మందుల హోల్‌సేల్ వ్యాపారం. పెద్దారవీడు నుంచి యర్రగొండపాలెం దాకా చిల్లర మందుల షాపులన్నీ ఆయన గుమ్మం ఎక్కాల్సిందే. అల్లుడు ఉమామహేశ్వర్లు పరాయివాడు కాడు, గిద్దలూరులో ఉన్న సొంత అక్క కొడుకు. బావ పోయి అక్క సంసారం చితికిపోయాక, మేనల్లుడికి ఒక్కగానొక్క కూతురు తులసినిచ్చి ఇల్లరికం తెచ్చుకున్నాడు. ఆ రోజు నుంచీ చేసిన ఉపకారాన్ని రోజుకోసారి ఉతికి ఆరేస్తున్నాడు.

మహేశ్వర్లు ఫార్మసీ చదివినవాడు. మామ దుకాణంలో కొన్నాళ్లు కూర్చుని, ఇమడలేక, ఒక హైదరాబాదు కంపెనీలో పని చూసుకున్నాడు. కిడ్నీ జబ్బుతో ఒంట్లో రక్తం తగ్గిపోయేవాళ్ల కోసం ఆ కంపెనీ కొత్త సూదిమందును పరీక్షిస్తోంది. జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగే ఈ పడమటి ప్రాంతంలో అలాంటి రోగులకు కొదవేముంది? ఇష్టపడి సంతకం చేసినవాళ్లలో సగంమందికి మందు, సగంమందికి ఉప్పునీళ్లు. ఏ సీసాలో ఏముందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఆ పెట్టెలను చల్లగా దాచి మార్కాపురం, గిద్దలూరు, దర్శి ఆసుపత్రులకు వేళకు చేర్చడం మహేశ్వర్లు పని. అందుకని కంపెనీ పంపిన పెద్ద ఫ్రిజ్ ఇంటి ముందుగదిలో ఉంది.

"లాభం లేని సరుకు మోసేదాన్ని మా కాలంలో గాడిద అనేవాళ్లు. ఇప్పుడేదో ఇంగ్లీషు పేరు పెట్టినారంట," అనేవాడు వీరరాఘవయ్య. తులసి పకపకా నవ్వేది. తండ్రి నవ్విన చోటల్లా నవ్వడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. పెళ్లయ్యాక ఆ నవ్వు భర్త మీద పడుతున్నా మానుకోలేదు.

ఆ రోజు మార్కాపురం ఆసుపత్రికి పెట్టెలు చేర్చాల్సిన రోజు. మహేశ్వర్లు స్నానం చేసి వచ్చి ఫ్రిజ్ తెరిచాడు. ప్రతి పెట్టెలోనూ లోపలి చలిని గుర్తుపెట్టుకునే చిన్న మీటరు ఉంటుంది. ఒకదాన్ని తీసి చూశాడు. ఇంకోదాన్ని తీశాడు. అక్కడే గచ్చు మీద కూలబడ్డాడు.

"తులసీ," అని పిలిచాడు. "శనివారం రాత్రి ఈ పెట్టెలు ఎవరు బయటికి తీసినారు?"

తులసి వంటింటి గుమ్మంలో నిలబడి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"నేనే తీసినా. ఏం?"

"ఎందుకు?"

"ఎందుకేంది బావా! నిన్న ఆదివారం నాయన షష్టిపూర్తి కదా. ఒంగోలు నుంచి తెప్పించిన దండలు ఈ ఎండలకు తెల్లారేలోపల వాడిపోవా? నీ ఫ్రిజ్‌లో పెట్టినా. నిన్న పొద్దున దండలు తీసి, నీ పెట్టెలు మళ్లా అట్లనే సర్దినా. ఒక్కటి కూడా పగల్లేదు."

ఆ రాత్రి మహేశ్వర్లు కల్యాణమండపంలో వంటసామాన్లకు కాపలా పడుకున్నాడు. తాళంచెవి ఇంట్లో మేకుకు తగిలించి పోయాడు.

"రాత్రంతా ఈ ఉక్కలో ఉన్నాయి. ఇవి ఇంక పనికిరావు," అన్నాడు నెమ్మదిగా.

వీరరాఘవయ్య కాఫీ గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చాడు. సంగతి విని పెద్దగా నవ్వాడు.

"సగం సీసాల్లో ఉండేది ఉప్పునీళ్లే అని నువ్వే చెప్పినావు కదా అల్లుడూ! నీళ్లు చెడిపోతాయా? మిగతా సగం పనిచేస్తదో లేదో చేసినోళ్లకే తెలీదు. దానికి ఇంత ఏడుపా? మీటరు పాడైందని చెప్పి సరుకు పంపించు. డాక్టరుతో నేను మాట్లాడతా."

"ఏది నీళ్లో ఏది మందో నాకు తెలీదు మామా. చెడిపోయిన మందు ఒంట్లోకి పోతే ఏమైతదో ఎవరికీ తెలీదు. తెలిసి తెలిసి నేను ఇయ్యలేను."

"ఓహో! నేను ముప్పై ఏళ్లుగా అమ్మినవన్నీ మంచుకొండ మీద పెట్టి అమ్మినానా? ఎవరన్నా చచ్చినారా?"

మహేశ్వర్లు ఫోన్ అందుకున్నాడు. ముందు ఆసుపత్రికి, తర్వాత కంపెనీకి ఫోన్ చేశాడు. తులసి గోడకు ఆనుకుని వింటోంది. కరెంటు పోయిందని చెప్తాడనుకుంది. మొగుడన్నవాడు ఆ మాత్రం కాపాడడా?

"లేదు సార్, కరెంటు పోలేదు," అంటున్నాడతను. "తాళంచెవి ఇంట్లో పెట్టి పోవడం నాది తప్పు. పెట్టెలు బయట పెట్టింది నా భార్య. తెలియక చేసింది. అవును సార్, రాసుకోండి. రామతులసి."

ఫోన్ పెట్టేసేసరికి తులసి మొహం కందగడ్డ అయింది.

"పెళ్లాం పేరు కంపెనీవాళ్లకు రాసిచ్చినావా? సిగ్గు లేదా బావా నీకు?"

"చూసినావా తల్లీ," అన్నాడు వీరరాఘవయ్య తాపీగా. "మా ఇంటి కూడు తిని, మా పిల్ల పేరు చెప్పి తప్పించుకున్నాడు. ఇంతకంటే మొగతనం గిద్దలూరులో దొరకదు."

తులసి తల్లి సీతారత్నం పొయ్యి దగ్గర నుంచి ఒకసారి తొంగిచూసి, మళ్లీ పెనం వైపు తిరిగింది. మహేశ్వర్లు చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. సూది కోసం ఊళ్ల నుంచి జనం ఈపాటికి బస్సెక్కి ఉంటారు. వాళ్లకు నోటితో చెప్పాలి కదా.

తులసికి నిలకడ లేకపోయింది. కంపెనీ దాకా ఎక్కిన తన పేరును ఎట్లాగైనా తీయించాలి. డాక్టరు నాయనకు తెలిసినవాడే, ఒక్క మాటతో పనవుతుంది. చీర మార్చుకుని, ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లింది.

వరండాలో బల్లల మీద పదిమంది దాకా కూర్చున్నారు. వాపెక్కిన కాళ్లు, పాలిపోయిన కళ్లు, ముడతలుపడిన చేతుల్లో సత్తు టిఫిన్లు. తులసి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. మహేశ్వర్లు వాళ్ల ముందు నిలబడి ఉన్నాడు.

"ఈసారి సూది లేదు పెద్దమ్మా. కొత్త పెట్టెలు రావాల. వచ్చినాక కబురు చేస్తాం."

"అదేంది అబ్బయ్యా!" యర్రగొండపాలెం అవతల నుంచి వచ్చిన చెంచమ్మ లేచింది. గొర్రెలు మేపుకునే మనిషి. పక్కన మొగుడు యల్లయ్య చేతికర్ర పట్టుకుని కూర్చున్నాడు. "జీవాల్ని పక్కింటోళ్లకు అప్పజెప్పి, చీకటితో బస్సెక్కి వచ్చినాం. లేదంటే ఎట్ల?"

"పెట్టెలు మా ఇంట్లో వేడికి చెడిపోయినాయి. తప్పు మాది."

"మీ ఇంట్లో ఫ్రిజ్ ఉందంటివే?"

మహేశ్వర్లు తలుపు దగ్గర నిలబడ్డ తులసిని చూశాడు. చూసి, కళ్లు తిప్పుకున్నాడు. ఈసారి పేరు చెప్పలేదు. ఆ చెప్పకపోవడం తులసికి మరీ కష్టంగా తోచింది. ఈ జనం ముందు తనను దాచి జాలి చూపేంత పెద్దమనిషా ఇతను?

"ఫ్రిజ్‌లో నేను దండలు పెట్టినా," అంది తలెత్తి. "మా నాయన షష్టిపూర్తికి. ఒక్క రాత్రి. డబ్బులు పెట్టి కొన్నవి కాదు గదా ఆ సూదులు, మీకేం నష్టం రాలేదు. మళ్లా వస్తాయంటున్నారు కదా."

చెంచమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత నవ్వింది. కోపంతో నవ్వలేదు. కూడు మాడబెట్టిన కొత్త కోడల్ని చూసి నవ్వినట్టు నవ్వింది.

"పూలా! వింటివా మామా, పూలంట!" అంది మొగుడితో. బల్లల మీది వాళ్లందరూ నవ్వారు. "చదువుకున్న తల్లివి, మందులమ్మే ఇంటి పిల్లవు. మా మంద దగ్గర కుక్క గూడా పిల్లలు తాగే పాలు ఒలకబోయదే!"

తులసి ఇంతవరకు ఎవరి నోటా ఇట్లాంటి మాట పడలేదు. నవ్వడమే తెలుసు, నవ్వించుకోవడం తెలియదు.

"నీకు పడే సూది ఉప్పునీళ్లేనేమో! ఎవరికి తెలుసు?" అంది ఉక్రోషంగా.

"నాకు తెలుసమ్మా. సంతకం పెట్టే రోజే ఈ అబ్బయ్య రెండు మాట్లు చెప్పినాడు." చెంచమ్మ నవ్వు ఆగింది. "నీళ్లయినా పొడిపించుకుంటా. మా అత్త ఈ జబ్బుతోనే పోయింది. మా పెద్దోడికి మొన్న కాళ్లు వాచినాయి. ఇది మందో కాదో మా చేతుల మీద తేలితే, వాడికి అక్కరకొస్తది. వాడి కోసం వస్తన్నా, నీ పూల కోసం కాదు."

ఎవరూ నవ్వలేదు. డాక్టరు గది తలుపు పక్కనే ఉంది. తీసుకుని లోపలికి పోతే పనైపోతుంది. తులసి చెయ్యి ఆ తలుపు మీదికి పోలేదు. మహేశ్వర్లు పొద్దున నాయన మాట విని ఉంటే, ఈపాటికి ఈ చేతుల్లోకే ఆ మందు ఎక్కి ఉండేది. ఆ సంగతి తోచగానే ఆమె వెనక్కి తిరిగి ఇంటికి ఆటో ఎక్కింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వీరరాఘవయ్య మళ్లీ మొదలుపెట్టాడు.

"అల్లుడుగారికి ముందు వడ్డించండి. కంపెనీవాళ్లు ఇంక ఈ పని ఉంచుతారో పీకుతారో. పీకితే మన దుకాణంలో పెట్టెలు మోయడానికి ఒళ్లు వంచాల కదా!"

"చాల్లే నాయనా," అంది తులసి.

ఆయన ముద్ద మధ్యలోనే ఆపాడు. కూతురు తన మాటకు నవ్వకపోవడం ఇదే మొదలు.

"ఏందే?"

"తప్పు నాది. బావను అనొద్దు."

"నీది తప్పేంది? నీళ్లసీసాలు నాలుగు బయట పెట్టినంత మాత్రాన..."

"మీరు ఊరుకోండి," అంది సీతారత్నం. గట్టిగా అనలేదు. పప్పు గిన్నె కింద పెట్టి, మొగుడి ఎదురుగా కూర్చుంది. "నాకు షుగరు వచ్చి ఎన్నాళ్లయింది?"

"ఇప్పుడు దాని సంగతేంది?"

"నేను పొడుచుకునే ఇన్సులిన్ ఎక్కడిదనుకుంటున్నారు?"

"ఎక్కడిదేంది! మన దుకాణందే."

"కాదు. మీరు రాత్రిపూట దుకాణానికి తాళం వేసేటప్పుడు కరెంటు ఖర్చని ఫ్రిజ్ ఆపేసి వస్తారు. ఏళ్లుగా చూస్తున్నా. అందుకే మీరు పంపించేది చెత్తకుండీలో వేసి, ఎదురు దుకాణంలో కొనుక్కుంటున్నా. తెచ్చిపెట్టేది ఈ అల్లుడే."

వీరరాఘవయ్య భార్యను చూశాడు, అల్లుడిని చూశాడు. మహేశ్వర్లు విస్తరిలోకి చూస్తున్నాడు.

"ఎదురు దుకాణంలోనా?" అన్నాడు చివరికి. "నన్ను అడగొచ్చు కదా రత్నం!"

"అడిగితే ఏం చేస్తారు? నవ్వుతారు. మా నాన్నను చూసి నవ్వినారు, మీ అక్కను చూసి నవ్వినారు. నా భయాన్ని చూసి నవ్వితే తట్టుకోలేక చెప్పలేదు. ఊరంతా మీ మందు వాడుతుంది, మీ ఇంట్లో నేను వాడను. ఇంత చిన్నతనం నేను మోస్తన్నా, మీరు మాత్రం ఊళ్లో తలెత్తుకుని తిరగండి." ఆమె కళ్లు నిండాయి. తుడుచుకోలేదు.

వీరరాఘవయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు. దుకాణానికి పోలేదు. పడక్కుర్చీలో కూర్చోకుండా వసారా మెట్టు మీద కూర్చున్నాడు. అరవై నిండిన మనిషి మొదటిసారి అరవై ఏళ్లవాడిలా కనపడ్డాడు. చాలాసేపటికి అల్లుడిని పిలిచాడు.

"మహేశా. దుకాణంలో ఇన్సులిన్ ఎంత ఉందో చూడు. అంతా తీసి పారబోయించు. కొన్నవాళ్లు..." పైపంచెతో మొహం కప్పుకున్నాడు. "కొన్నవాళ్లకు ఏం చెప్పాల్రా?"

"ఉన్నదే చెప్దాం మామా. నేను పక్కన ఉంటా," అన్నాడు మహేశ్వర్లు. మామ భుజం మీద చెయ్యి వేయబోయి, సందేహించి, వేశాడు.

సాయంత్రం తులసి దొడ్లో బట్టలు తీస్తుంటే మహేశ్వర్లు వచ్చి తీగ రెండో కొసన నిలబడ్డాడు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దుప్పటి మడత పెట్టసాగారు.

"బావా, పొద్దున నా పేరు ఎందుకు చెప్పినావు?" అంది తులసి. "కోపంతో అడగడంలా. తెలుసుకుందామని."

"నేను అడగ్గానే 'నేనే తీసినా' అన్నావు. దాచలేదు. నెపం ఇంకొకరి మీద పెట్టలేదు." అతను దుప్పటి అంచు ఆమె చేతికి అందించాడు. "ఈ ఇంట్లో మూడేళ్లుగా నేను అడిగినదానికి సూటిగా వచ్చిన జవాబు అదొక్కటే తులసీ. దాన్ని అబద్ధం చేయబుద్ధి కాలేదు."

తులసి దుప్పటిలో మొహం పెట్టుకుంది. ఏడుపు బయటికి రాకుండా ఆపాలని చూసింది, ఆగలేదు. అతను దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కొత్త పెట్టెలు ఎప్పుడొస్తాయి?" అంది ముక్కు ఎగబీలుస్తూ.

"వారం పట్టొచ్చు. పని నా చేతుల్లో ఉంచితే."

"పీకేస్తే వేరేవాళ్లు తెస్తారు. ఎవరు తెచ్చినా ఆ చెంచమ్మకు కబురు చేయాల కదా. వాళ్ల ఊరికి బస్సు ఎక్కడ ఎక్కాలో చెప్పు బావా. నేనే పోయి చెప్పొస్తా."

"తిడుతుంది."

"తిట్టనీ," అంది తులసి.