ఎవరిదీ కాని ఏడుపు

కుమాసి నగరంలో ఆ పొద్దున కూడా పోకువా పొయ్యి మీద మొక్కజొన్న జావ ఉడుకుతోంది. "తిని పోవే! కడుపు మాడ్చుకుని వాదిస్తే నీ గొంతు ఎవరికి వినబడుతుంది?" అంది పెద్దకూతురు అఫ్రియేతో. అఫ్రియే పెద్దాసుపత్రికి లాయరు. పసికందు ఏడుపును బట్టి ఊపిరి సరిగా ఆడుతోందో లేదో చెప్పే యంత్రాన్ని ఒక విదేశీ కంపెనీ తయారుచేస్తోంది. దానికి నేర్పడానికి ఆసుపత్రి ఏడుపుల రికార్డింగులు ఇస్తుంది. ఆ ఒప్పందం రాసింది అఫ్రియేనే. సంతకాలు ఆ రోజే.

చెల్లెలు సెర్వా జావ ముట్టలేదు. ఆమె కొడుకు అదే ఆసుపత్రిలో పుట్టి, పేరు పెట్టే ఎనిమిదో రోజు రాకముందే పోయాడు. అక్కడి నమ్మకంలో అలాంటి బిడ్డ వచ్చి వెళ్లిపోయిన చుట్టమే, వాడి కోసం ఏడవకూడదు. ఈ విషయంలో పోకువా పట్టిన పట్టు వదలదు.

"అక్కా, వాడి ఏడుపు కూడా రికార్డు చేశారట. నర్సు చెప్పింది. ఒక్కసారి వింటానే."

"కుదరదే. సంతకాలవగానే అన్నీ కంపెనీవే. మన దగ్గరున్నవి చెరిపేస్తారు."

"తల్లుల్ని అడగకుండానే?"

అఫ్రియే తడబడింది. "పేరు పెట్టని పిల్లలు కదా... ఎవరివీ కావు, అనుమతి అక్కర్లేదని రాశాను."

"ఎవరివీ కావా? నాకు పాలింకా ఆగలేదక్కా! రవిక తడుస్తూనే ఉంది!"

"నోర్ముయ్!" పోకువా గరిటె విసిరికొట్టింది. "చుట్టం కోసం ఏడిస్తే ఇంకో బిడ్డ రాదు!"

అఫ్రియే సంచి తీసుకుని బయటపడింది. చిన్నప్పటినుంచీ విన్న అమ్మ మాటను ఒప్పందంలోకి ఎక్కించి, ఎంత తెలివిగా రాశానో అని మురిసిపోయిన మనిషి. అది సొంత చెల్లెలి మీదే పడుతుందని కలలోనైనా అనుకోలేదు.

"ఈ యంత్రం ఎంతమంది పిల్లల్ని బతికిస్తుందో తెలుసా?" అని, సంతకాలు ఆపమన్న అఫ్రియే మీద ఆసుపత్రి డైరెక్టరు మండిపడ్డాడు.

"తెలుసు సార్. మా ఇంటి బిడ్డకే కావలసింది అది. కానీ అడిగి తీసుకోవాలి. నేను రాసింది తప్పు, నేనే దిద్దుతాను." ఆయన చాలాసేపు గొణిగి, సంతకాలు వాయిదా వేశాడు. అఫ్రియే దిద్దిన షరతు ఇది: ప్రతి తల్లినీ అడగాలి. కాదంటే తీసేయాలి, కావాలంటే నకలు ఇవ్వాలి.

సాయంత్రం అఫ్రియే చెల్లెలి ఒళ్లో తన ఫోను పెట్టి నొక్కింది. సన్నగా, ఆగి ఆగి, కోపంగా ఒక ఏడుపు. సెర్వా ఫోనును గుండెకు హత్తుకుంది. అమ్మ లేచి వెళ్లిపోతుందని ఇద్దరూ అనుకున్నారు. పోకువా వచ్చి పక్కన కూలబడింది. పసివాణ్ణి జోకొట్టినట్టు ఆ ఫోను వీపు మీద మెల్లగా తట్టింది.

"గురువారం పుట్టాడు కదే..." అంది. అక్కడ గురువారం పుట్టిన మగబిడ్డకు ఏ ఇంట్లోనైనా దక్కే పేరు ఒకటే. ఇన్నాళ్లూ అది ఆమె నోట రాలేదు.

"ఊరుకో యావ్... ఊరుకో నా తండ్రీ" అంటూ పోకువా బావురుమంది.