మందు చల్లిన ఉదయం

సనోబర్ తందూరు గోడకు రొట్టెలు అతికిస్తుండగా విమానం పత్తి చేల మీదికి మళ్లీ వచ్చింది. ఇళ్ల కప్పులకు తగులుతుందేమో అన్నంత కిందుగా ఎగురుతూ, వెనక తెల్లగా మందు వదులుతోంది. ఆ మందుకు ఆకు రాలిపోతే పత్తి తీయడం సులువట. సనోబర్ గొంతులోకి చేదు దిగింది. గబగబా పిండి మీద గుడ్డ కప్పింది. కోళ్లు చీకటి పడ్డట్టు గూట్లోకి దూరాయి.

లోపల కోడలు హిలోలా వాంతి చేసుకుంటోంది. నిండు చూలాలు. మొగుడు సైన్యంలో ఉన్నాడు.

"ఇంకా తెమల్లేదా?" అంటూ సనోబర్ భర్త ఎర్గాష్ వచ్చాడు. ఊళ్లో వాళ్లందరినీ సర్కారు చేలకు తోలే ముఠా పెద్ద అతనే. "బండి ఆగుంది. ఇవాళ జిల్లా పెద్దలొస్తున్నారు."

"దానికి ఒంట్లో బాగోలేదు. రాదు."

"నా ఇంటి మనిషే రాకపోతే ఊళ్లో నా మాట ఎవరు వింటారు? మొహం మీదే నవ్వుతారు."

"నవ్వనీయండి."

"ఎందుకొచ్చిన గొడవ అత్తయ్యా, వెళ్తాలే" అంటూ హిలోలా గోడ పట్టుకుని బయటికొచ్చింది. పత్తి ఒడి నడుముకు కట్టుకోబోయింది. కడుపు మీదుగా తాళ్లు అందలేదు.

సనోబర్ ఆ ఒడి లాగేసుకుంది. "నేనూ ఇలాగే వెళ్లాను."

"పాతవి తవ్వకు. నువ్వు మూటతో గట్టు మీద జారిపడ్డావు."

"జారిపడలేదు! అలా చెప్పమన్నది మీరు. విమానం నా నెత్తి మీదుగా పోయింది. ఆ రాత్రే కడుపు పోయింది. పచ్చి ఒంటితోనే మళ్లీ చేలోకి తోలారు. నోరు మూసుకుని పోయాను. ఈ పిల్లని మాత్రం తోలనివ్వను."

వెళ్లి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఎర్గాష్ చెయ్యెత్తాడు.

"మామయ్యా!" హిలోలా కెవ్వుమంది.

ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. అతను భార్య ఎదుట నేల మీద కూలబడ్డాడు. ఆమె మొహంలోకి చూసి అడిగాడు.

"మగపిల్లాడా, ఆడపిల్లా?"

ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగని మాట. సనోబర్ కళ్లు నిండిపోయాయి.

"ఆడపిల్ల. అచ్చం మీ అమ్మ పోలిక."

ఎర్గాష్ లేచి రోడ్డు మీదికి వెళ్లాడు. బండి నిండా ఆడవాళ్లు. వాళ్లలోనూ చూలాళ్లున్నారు.

"దిగండి. మందు ఆరేదాకా ఎవరూ చేలోకి పోవద్దు."

"పొద్దున్నే తాగొచ్చావా ఏంటయ్యా?" అంది ఒక ముసలామె.

"ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి. దిగమన్నానా!"

ఒక్కొక్కరే దిగారు. ఎవరూ నవ్వలేదు. దూరంగా రోడ్డు మీద దుమ్ము లేచింది. జిల్లా జీపులు.

పక్కకు వచ్చి నిలబడిన భార్యను చూశాడు ఎర్గాష్. అతని పెదవులు పాలిపోయి ఉన్నాయి. "నువ్వు లోపలికి పో."

"ఇన్నాళ్లూ లోపలే ఉన్నాను" అంది సనోబర్. అతని చేతిని గట్టిగా పట్టుకుంది.