పచ్చడికి వేరే స్పూను

"ఆవకాయ జాడీలో ఎంగిలి స్పూను ఎవరు పెట్టారు?"

సూర్యకాంతం గారు గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. జాడీలో స్పూనుంది, స్పూనుకి పెరుగు మెతుకుంది, ఇంట్లో ఉన్నది ముగ్గురే.

"నేను కాదు," అంది ఇందుజ, బట్టలు సర్దుకుంటూ.

"నేనూ కాదు," అన్నారు వెంకట్రాజు గారు, పెరుగన్నం తింటూ.

"మరి పెరుగన్నం తింటున్నదెవరండీ?"

"తినడం కూడా తప్పేనా కాంతం?"

"తినడం కాదండీ. తిన్న స్పూను పచ్చట్లో ముంచడం. ముప్పయ్యేళ్ళుగా చెబుతున్నాను."

ఆవిడ ఆ పైపొర తీసి పక్కన పెట్టి, అడుగునుంచి తీసిన ఆవకాయతో ప్రయాణానికి ఒక సీసా నింపారు.

"పాండిచ్చేరికి ఆవకాయెందుకమ్మా? అక్కడ తిండి దొరకదా?"

"తిండి దొరుకుతుందే. అన్నం సయించాలి కదా."

ఉంగుటూరు నుంచి రోజూ వెళ్ళి ఏలూరులో కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పే ఇందుజ ఇంతకంటే వాదించలేదు. ఈమధ్య ఇంట్లో తన మాట ఒకటి నెగ్గింది, అది చాలు. వేసవిలో పెళ్ళిసంబంధాలు చూసే భీమశంకరం గారు కలిదిండి నుంచి ఒక సంబంధం తెచ్చారు. రొయ్యల చెరువులు, ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు. ఇందుజ ఫొటో కూడా చూడలేదు. "చెరువు గట్టు మీద నేను కాపురం చెయ్యను," అనేసింది. అమ్మా నాన్నా ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకున్నారు.

తాడేపల్లిగూడెంలో రైలెక్కి, చెన్నైలో దిగి, కారు మాట్లాడుకుని పాండిచ్చేరి చేరారు. మర్నాడు మధ్యాహ్నం పసుపు గోడల వీధిలో నడుస్తుంటే వాన పట్టుకుంది. ఎదురుగా కనిపించిన ఇటాలియన్ రెస్టారెంట్లోకి పరుగెత్తారు. లోపల టేబుళ్ళన్నీ నిండున్నాయి. కిటికీ పక్క టేబుల్ దగ్గర మాత్రం ఒకతను ఒక్కడే కూర్చుని, పక్క కుర్చీలో తడి రెయిన్‌కోటు ఆరేసుకున్నాడు.

"నలుగురి టేబుల్. ఒకాయన, ఒక రెయిన్‌కోటు," అంది ఇందుజ తెలుగులో, ఆ ఊళ్ళో ఎవరికి అర్థమవుతుందిలే అని.

అతను లేచాడు. "కోటు కింద పెడతానండి. కూర్చోండి."

ఇందుజ చెవులు ఎర్రబడ్డాయి. "పర్లేదండి. మేం వెయిట్ చేస్తాం."

"ఈ వానలో ఎవరూ లేవరండి. నేనైతే అస్సలు లేవను."

వెంకట్రాజు గారు ఆ అబ్బాయిని ఒక్క క్షణం పరకాయించి చూసి, "మనవైపు వాళ్ళలా ఉన్నారు, కూర్చుందాం," అన్నారు. సూర్యకాంతం గారు అప్పటికే కూర్చున్నారు.

అతని పేరు విశ్వతేజ. రొయ్య పిల్లల కోసం అక్కడికి దగ్గర్లో ఒక హేచరీకి వచ్చాడట.

"రొయ్యలా?" అంది ఇందుజ.

"ఆయ్, రొయ్యలేనండి. కంగారు పడకండి, చేతులు కడుక్కునే వచ్చాను."

మెనూ చేతులు మారింది. "ఇందులో అన్నం ఏదమ్మా?" అని వెంకట్రాజు గారు అడిగితే, ఇందుజ రిసొట్టో చెప్పింది. వచ్చాక ఆయన గరిటెజారుగా ఉన్న ఆ అన్నాన్ని కాసేపు చూసి, "పథ్యంలా ఉంది, కానీ బాగానే ఉంది," అని తేల్చారు. సూర్యకాంతం గారు సంచీలోంచి సీసా తీసి, పిజ్జా ముక్క మీద ఆవకాయ వేసుకున్నారు. ఇందుజ కిటికీ వైపు తిరిగింది.

"నాకూ కాస్త ఇస్తారా అండీ?" అన్నాడు విశ్వతేజ.

ఆవిడ సీసా జరిపారు. అతను తన ప్లేటులోని ఎంగిలి స్పూను ముట్టుకోలేదు. వెయిటర్ని పిలిచి వేరే స్పూను తెప్పించుకుని, పేపర్ నాప్కిన్‌తో తడి తుడిచి, అప్పుడు పచ్చడి తీసుకున్నాడు. సూర్యకాంతం గారు భర్త వైపు ఒక చూపు చూశారు. వెంకట్రాజు గారు రిసొట్టోలో తలదూర్చారు.

పాస్తాలు రెండు ఒకేసారి వచ్చాయి, ఒకటి ఇందుజది, ఒకటి విశ్వతేజది. మాటల్లో పడి ఇందుజ సగం తిన్నాక గానీ రొయ్య తగల్లేదు.

"నేను రొయ్యలు చెప్పలేదే."

"నాదండి అది," అన్నాడతను. అతని ముందు టమోటా పాస్తా ముట్టుకోకుండా ఉంది. "మీరు ఇష్టంగా తింటుంటే ఆపడమెందుకని."

వెయిటర్ క్షమాపణ చెప్పుకుని, ఆ ప్లేటు తీసేసి వేరేది తెస్తానన్నాడు.

"తీసేసి ఏం చేస్తారు?" అడిగాడు విశ్వతేజ.

"పారేస్తాం సార్."

"రొయ్యని పారేస్తే నాకు ముద్ద దిగదు," అంటూ టమోటా పాస్తా ఇందుజ ముందుకి జరిపి, ఆమె సగం తిన్న ప్లేటు తన ముందుకి లాక్కున్నాడు. ఆమె ఫోర్కు కూడా అందులోనే ఉంది. దాంతోనే తినడం మొదలుపెట్టాడు.

ఇందుజ టమోటా పాస్తాని ఫోర్కుకి చుడుతూనే ఉండిపోయింది, నోటి దాకా తీసుకెళ్ళలేదు.

ఆ ఇబ్బంది కప్పిపుచ్చడానికి సూర్యకాంతం గారు గబుక్కున, "మీ అమ్మగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి బాబూ?" అన్నారు.

"తగ్గాయండి."

ఇందుజ తలెత్తింది. "వాళ్ళమ్మగారికి మోకాళ్ళ నొప్పులని నీకెలా తెలుసమ్మా?"

వెంకట్రాజు గారు నీళ్ళు తాగారు.

"మీది ఏ ఊరండి?" అంది ఇందుజ నెమ్మదిగా.

"కలిదిండండి. మీరు చూడని ఫొటో నాదే. మీది నేను చూశాను, అందుకే వచ్చీరాగానే గుర్తుపట్టాను. ఒక్క మాట చెప్పాలండి. గట్టు మీద ఎవరూ కాపురం ఉండరు. ఇల్లు ఊళ్ళోనే ఉంటుంది. మేడ మీద పూలకుండీలు కూడా ఉన్నాయి."

ఆమెకి నవ్వు వచ్చింది. ఆపుకుందామని చూసింది, కుదరలేదు.

వాన తగ్గింది. పెద్దవాళ్ళు కారు వెతకడానికి ముందు నడిచారు, అవసరమైన దానికంటే వేగంగా. రెయిన్‌కోటు మడతపెడుతూ విశ్వతేజ అన్నాడు: "ఆదివారం తాడేపల్లిగూడెంలో పెళ్ళిచూపులున్నాయండి నాకు. అమ్మ వస్తామని చెప్పేసింది."

"వెళ్ళండి. అమ్మాయి బాగుంటుందేమో."

"బాగుంటుందనే చెప్పారు. ఒకసారి వద్దన్న ఇంటికి మావాళ్ళు మళ్ళీ కబురు పంపరండి. అది మా ఇంటి పద్ధతి. మీ ఇంటి నుంచి వస్తే మాత్రం..." అని ఆగి, "పాస్తా బాగుందా?" అన్నాడు.

"మీరు తిన్నదా, నేను తిన్నదా?"

"రెండూ ఒకటేగా," అని కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఉంగుటూరులో ఇంటికి వచ్చాక రెండు రోజులు ఇందుజ బస్సులో ఏలూరు వెళ్ళింది, వచ్చింది. కిటికీలోంచి చెరువులు కనిపిస్తే ఇదివరకు ఫోన్ చూసుకునేది. ఇప్పుడు వాటినే చూస్తోంది. ఫొటో అడగడానికి మొహం చెల్లలేదు, అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. కళ్ళు మూసుకుంటే కనిపిస్తున్నాడు. ఆదివారం మాత్రం దగ్గరికొచ్చేస్తోంది.

శుక్రవారం రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. వంకాయ కూర, చారు, పెరుగు, జాడీ.

"నాన్నా," అంది ఇందుజ, చారు కలుపుతూ. "భీమశంకరం గారికి ఇప్పుడే ఫోన్ చెయ్యండి. ఆదివారం కలిదిండి వాళ్ళు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. మనింటికి భోజనానికి రమ్మనండి."

వెంకట్రాజు గారు ఎడమచేత్తో ఫోన్ తీశారు. నంబరు ముందే వెతికి పెట్టుకున్నట్టుంది.

"నీకేం అభ్యంతరం లేదా అమ్మా?" అంది ఇందుజ.

సూర్యకాంతం గారు ఆమె కంచంలో కూర వేశారు. "పచ్చడికి వేరే స్పూను అడిగిన అబ్బాయి, నీ ప్లేటుకి అడగలేదు. నాకు ఆ రోజే తెలిసిపోయింది. నీకెప్పటికి తెలుస్తుందా అని చూస్తున్నాను."

ఇందుజ తల వంచుకుని చారన్నం తినేసింది. అటు ఫోన్ మోగుతోంది. ఆ సందట్లో వెంకట్రాజు గారి కుడిచేయి, పెరుగు స్పూనుతో సహా, జాడీ వైపు జరిగింది.

"ఏవండీ," అన్నారు సూర్యకాంతం గారు, జాడీ మీద మూత పెడుతూ. "అది ఆదివారానికి."