సర్దుడమ్మ దూర్చిన తీగ

లైబ్రరీ పెద్ద హాల్లో కుర్చీలన్నీ గోడ వారకి జరిపేశారు. స్కూల్ వదలగానే బ్యాగులతో సహా వచ్చిన పిల్లలు నేల మీదే బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా పెద్ద తెల్ల తెర. కాసేపట్లో దాని మీద శనిగ్రహం కనబడబోతోంది.

ఫొటో కాదు, సినిమా కాదు. ప్రపంచానికి అవతలి వైపు ఒక కొండ మీద పెద్ద టెలిస్కోప్ ఉంది. ఇక్కడ పగలైతే అక్కడ రాత్రి. అక్కడివాళ్లు ఈ క్షణాన ఆకాశంలో ఏం చూస్తున్నారో అదే ఇక్కడా కనిపిస్తుంది.

"అంటే మనకి పగలే చుక్కలు చూపిస్తారన్నమాట!" అన్నారు పేపర్ చదువుకునే తాతగారు. పెద్దవాళ్లు నవ్వారు. పిల్లలకి అర్థం కాకపోయినా వాళ్లూ నవ్వేశారు.

ఆ లైబ్రరీ ఇన్‌చార్జి మేడమ్ కూతురు మాత్రం కూర్చోలేదు. గుమ్మం దగ్గర పిల్లలు విప్పిన చెప్పుల్ని జతలు కలుపుతోంది. పదేళ్ల ఆ పిల్లకి ఏదైనా చిందరవందరగా కనబడితే చేతులు ఊరుకోవు. అందుకే అందరూ సర్దుడమ్మ అంటారు. "మా ఇంట్లో వస్తువు పోతే దొంగలు పడ్డట్టు కాదు, మా అమ్మాయి సర్దినట్టు" అంటాడు వాళ్ల నాన్న.

"ఏయ్ సర్దుడమ్మా, ఆ చిన్న గదిలోంచి ఇంకో చాప తెచ్చిపెట్టు" అంది అమ్మ.

చిన్న గదిలో గోడకి ఒక ఇనప పెట్టె ఉంది. ఎప్పుడూ తాళం వేసి ఉండే ఆ పెట్టె తలుపు ఇవాళ ఓరగా తెరిచి ఉంది. లోపల వరసగా రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో ఒక్కో నీలం తీగ. ఒక్కో తీగ పక్కన మిణుకు మిణుకుమంటూ ఒక చిన్న పచ్చ దీపం.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఒక పొట్టి తీగ ఒక కొస రంధ్రంలోనే ఉంది, రెండో కొస గాల్లో వేలాడుతోంది. దాని పక్కనే ఒక ఖాళీ రంధ్రం.

"పాపం, ఊడిపోయినట్టుంది" అనుకుంది. కొస పట్టుకుని రంధ్రంలోకి నెట్టింది. టక్! ఎంత చక్కగా కూర్చుందో! తలుపు దగ్గరగా వేసి, చాప చుట్ట భుజాన పెట్టుకుని వచ్చేసింది.

తెర మీద, ఆ కొండ మీంచి ఆకాశం చూపించే టీచరమ్మ కనబడుతోంది. వెనకాల నల్లటి ఆకాశం. "పిల్లలూ, ఇప్పుడు మీకు..." అంటూ చెయ్యి పైకెత్తింది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. తర్వాత ఆ బొమ్మ కూడా పోయి తెర నల్లబడింది.

"అయ్యో!" అన్నారు పిల్లలంతా ఒక్కసారే. మూల కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయి తల పట్టుకున్నాడు. "మేడమ్, నా ఉద్యోగం అప్లికేషన్ సగంలో ఆగిపోయింది. ఇవాళే ఆఖరు!"

అమ్మ గబగబా ఫోన్ చేసింది. పక్క వీధిలో పని చేస్తున్న కేబుల్ అక్క టూల్ బ్యాగుతో పరుగున వచ్చింది. లైబ్రరీలో ఈ తీగలన్నీ లాగింది ఆవిడే.

"త్వరగా చూడమ్మా. ఇంకాసేపైతే అక్కడ తెల్లారిపోతుంది. ఇక ఏమీ కనబడదు" అంది అమ్మ. అంతలో అమ్మ చూపు ఆయమ్మ మీద పడింది. లైబ్రరీ ఊడ్చి తుడిచే ఆయమ్మ, సర్దుడమ్మ తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది.

"పొద్దున చిన్న గది తుడిచింది నువ్వేగా? ఆ పెట్టె మీద తడిగుడ్డ పెట్టావా?"

"లేదమ్మా. దాని జోలికే పోలేదు."

"నువ్వు కాక ఆ గదిలోకి ఇంకెవరు వెళ్తారు?"

అందరూ ఆయమ్మ వైపు తిరిగారు. ఆయమ్మ మొహం చిన్నబోయింది. తమ్ముణ్ణి మెల్లిగా పక్కన దించి లేచి నిలబడింది.

సర్దుడమ్మ చిన్న గది వైపు చూసింది. తను చేసింది సర్దడమే కదా! సర్దితే పాడవుతుందా? కాదులే, ఇంకేదో అయ్యుంటుంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆయమ్మ వంచిన తల ఎత్తడం లేదు.

ఆ పిల్ల చిన్న గదిలోకి పరిగెత్తింది. కేబుల్ అక్క పెట్టె తెరిచి నిలబడి ఉంది. లోపల ఇందాక నెమ్మదిగా మిణుకుమన్న దీపాలన్నీ ఇప్పుడు పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి.

"అక్కా, ఆయమ్మ కాదు. నేనే. ఆ పొట్టి వైరు వేలాడుతుంటే... ఖాళీలో పెట్టేశాను."

అక్క వంగి చూసింది. కనుబొమలు పైకి లేచాయి. "నువ్వే పెట్టావుగా, నువ్వే తియ్యి. కొస మీద చిన్న నాలుక లాంటిది ఉంది చూడు, అది నొక్కి లాగు."

లాగింది. దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయినట్టయి, మళ్లీ ఒక్కొక్కటే నెమ్మదిగా వెలిగాయి. హాల్లోంచి "వచ్చింది, వచ్చింది!" అని మూల కంప్యూటర్ అబ్బాయి కేక.

"ఒక్క తీగకే అంతా ఆగిపోయిందా?" పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"కంప్యూటర్లు అప్పుడప్పుడూ 'అందరూ వినండి' అని కేకేస్తాయి. ఈ పెట్టె ఆ కేకని అన్ని తీగల్లోకీ పంపుతుంది. నువ్వు ఒకే తీగ రెండు కొసలూ దీనికే తగిలించావు. పోయిన కేక తిరిగి దీంట్లోకే వచ్చింది. ఇది కొత్త కేక అనుకుని మళ్లీ పంపింది. ఒక్క కేక లక్షల కేకలైపోయింది. ఆ గోలలో కొండ మీది టీచరమ్మ మాట ఎవరికి వినబడుతుంది? అయినా సగం తప్పు నాదే. తాళం వెయ్యకుండా, ఆ తీగ అలా వదిలేసి పోయాను."

సర్దుడమ్మ హాల్లోకి వెళ్లింది. అందరి ముందూ చెప్పింది. "ఆయమ్మా, వైరు పెట్టింది నేను. నిన్ను అంటుంటే వెంటనే చెప్పలేదు."

అమ్మ మొహం ఎర్రబడింది. "నేనూ తొందరపడ్డాను. ఏమీ అనుకోకు" అంది ఆయమ్మతో.

"అనుకున్నానమ్మా. ఈసారి ముందు అడిగి, తర్వాత అనండి" అంది ఆయమ్మ. ఆ మాట అన్నాకే మళ్లీ కూర్చుని తమ్ముణ్ణి ఒళ్లోకి తీసుకుంది.

కొండ మీదివాళ్లు మళ్లీ లైన్‌లోకి వచ్చేలోపు కేబుల్ అక్క బ్యాగులోంచి తీగ ముక్కలు తీసి పిల్లల ముందు పరిచింది. ఒక నీలం ముక్క తొడుగు ఒలిచింది. లోపల ఎనిమిది సన్నని రంగు తీగలు, రెండేసి కలిపి జడలా మెలేసి ఉన్నాయి. "అలా మెలేస్తే ఒక జంట గోల ఇంకో జంటకి అంటుకోదు." తర్వాత ఒక నల్లటి లావు ముక్క. నడుమ ఒకటే రాగి కడ్డీ, చుట్టూ వల. "టీవీ వెనకాల చూసుంటారు."

ఆఖరికి ఒక పసుపు ముక్క. దాంట్లో రాగి లేదు. వెంట్రుక లాంటిదేదో ఉంది.

"ఇది గాజు" అంది అక్క. "విరిగితే ముల్లులా దిగుతుంది, ముట్టుకోవద్దు." ఒక కొసకి ఎర్ర లైటు పెన్ను పెట్టి, రెండో కొసని కాగితానికి చూపించింది. తీగ ఎన్ని మెలికలు తిరిగినా కాగితం మీద ఎర్ర చుక్క వెలిగింది.

"కొండ మీంచి బొమ్మ ఇలాంటి గాజు వెంట్రుకలోనే వస్తుంది. సముద్రం అడుగున, చేపల కింద నుంచి. రెప్ప వేసి తెరిచేలోపు!"

పిల్లలు కాగితం చుట్టూ మూగారు. తాతగారు కూడా కళ్లజోడు తుడుచుకుని ముందుకు వంగారు.

అప్పుడు తెర వెలిగింది. నల్లటి చీకట్లో లేత పసుపు బంతి. దాని చుట్టూ పలచని పళ్లెం లాంటి వలయం. గాలికి నీళ్లలో నీడ కదిలినట్టు కొంచెం వణుకుతోంది. ఆ వణుకే చెప్పింది అది ఫొటో కాదని.

"ఈ వెలుగు శని దగ్గర బయల్దేరి గంట దాటింది. ఇప్పుడే మీ దగ్గరికి చేరింది" అంది టీచరమ్మ.

సర్దుడమ్మ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. గంటకి పైగా ఆకాశంలో ఒంటరిగా నడిచిన వెలుగు. ఆ తర్వాత గాజు వెంట్రుకలో సముద్రం దాటిన కబురు. దాన్నా తను ఒక్క వేలితో ఆపేసింది! ఆ వేలిని ఓసారి చూసుకుంది.

మర్నాడు పొద్దున స్కూల్‌కి తయారై గది తలుపు తీసేసరికి ఇల్లంతా కిష్కింధాకాండ. నేల మీద నీలం దుప్పటి. దాని కింద నుంచి మంచం దాకా సాగిన ఊలు దారం. దుప్పటి నిండా గుండీలు, స్పూన్లు, ఒక సాక్స్.

ఆ పిల్ల చటుక్కున వంగి దుప్పటి కొస పట్టుకుంది. అంతలోనే ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుంది. మోకాళ్ల మీద కూర్చుంది.

"తమ్ముడూ, ఇదేంటి?"

"సముద్రం. అవి చేపలు. కింద తీగ ఉంది, తొక్కకు."

"మరి సాక్స్?"

"తిమింగలం."

సర్దుడమ్మ లేచి, బ్యాగు గుండెలకి హత్తుకుని, గోడ వారగా అడుగులో అడుగు వేసుకుంటూ సముద్రం చుట్టూ తిరిగి స్కూల్‌కి వెళ్లింది.